షికాగోకు దారి ఎవరి చేతిలో ఉంది?

హైదరాబాద్ నుంచి షికాగో ఎంత దూరం అని అడిగితే కంప్యూటర్ క్షణంలో లెక్క చెబుతుంది: సుమారు 13,300 కిలోమీటర్లు. గంటకు 900 కిలోమీటర్లు పోయే విమానానికి అది పదిహేను గంటల లోపు ప్రయాణం. గ్లోబు మీద ఒక దారం కొస శంషాబాద్ దగ్గర, రెండో కొస మిషిగన్ సరస్సు ఒడ్డున పెట్టి బిగించి చూస్తే, ఆ దారం చాలామంది ఊహించినట్టు అరేబియా సముద్రం, ఐరోపా, అట్లాంటిక్ మీదుగా పోదు. ఉత్తరానికి ఎక్కుతుంది. మధ్యప్రదేశ్, రాజస్థాన్, పంజాబ్ దాటి, కారకోరం కొండల మీదుగా ఫెర్గానా లోయకు, అక్కడి నుంచి కజక్‌స్థాన్, పశ్చిమ సైబీరియాల మీదుగా ఆర్కిటిక్ సముద్రానికి పోతుంది. ఉత్తర ధ్రువానికి పన్నెండు, పదమూడు వందల కిలోమీటర్ల ఎడంగా సాగి, గ్రీన్‌లాండ్, కెనడాల మీదుగా షికాగోలో దిగుతుంది. ఎయిరిండియా 2021 జనవరిలో ఈ రెండు నగరాల మధ్య ఎక్కడా ఆగని విమానం మొదలుపెట్టింది గానీ అది ఎక్కువ కాలం నిలవలేదు. ఇవాళ తెలుగువాళ్లు దోహాలోనో, దుబాయ్‌లోనో, అబుదాబిలోనో, లండన్‌లోనో, ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో విమానం మారి, ఇరవై గంటలు దాటాకే అమెరికాలో కాలు పెడుతున్నారు. పదిహేను గంటలు ఇరవై దాటడానికి వ్యాపార లెక్కలు కొంత కారణం, గాలులు కొంత కారణం. మిగిలిన కారణం ప్రభుత్వాలు. ప్రయాణికుల విమానాలకు ఆకాశం మూయడాన్ని పగ తీర్చుకునే సాధనంగా వాడడం దేశాలు మానుకోవాలి. మన ఉపఖండంలో ఆ మాట ముందుగా ఎత్తాల్సింది భారతదేశమే, ఎందుకంటే భారత్, పాకిస్తాన్ ఒకరి విమానాలకు ఒకరు వేసుకున్న ఆకాశ మూతలో ఎక్కువ నష్టపోతున్నది మనమే.

ముందు గాలి సంగతి తేల్చేద్దాం. కిలోమీటర్లకూ గంటలకూ ఉన్న లెక్క మనం అనుకున్నంత సూటిగా ఉండదు. ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు ఎయిరిండియా మొదట అట్లాంటిక్ మీదుగా వెళ్లేది. 2016 అక్టోబరులో అదే విమానాన్ని తూర్పుకు తిప్పి పసిఫిక్ మీదుగా నడిపింది. దూరం 1,400 కిలోమీటర్ల దాకా పెరిగి 15,300 కిలోమీటర్లు అయింది. ప్రయాణం మాత్రం పద్నాలుగున్నర గంటల్లో ముగిసింది, పాత దారికన్నా దాదాపు రెండు గంటలు తక్కువ. పడమర నుంచి తూర్పుకు చాలా ఎత్తున పరుగెత్తే జెట్ స్ట్రీమ్ గాలులు వెనక నుంచి నెట్టడమే అందుకు కారణం. 2020 ఫిబ్రవరిలో ఒక తుపాను రాత్రి బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం న్యూయార్క్ నుంచి లండన్‌కు అయిదు గంటల లోపే చేరింది కూడా ఈ గాలుల పుణ్యమే. అందుకే విమానం బయలుదేరే ముందు డిస్పాచర్లు ఆనాటి గాలుల పటం దగ్గర పెట్టుకుని దారి గీస్తారు. నిన్న వెళ్లిన దారి ఇవాళ ఉండదు. ఒక దేశం తన ఆకాశం మూసేస్తే పోయేది ఒక్క దారే కాదు, రోజుకో దారి ఎంచుకునే ఈ వెసులుబాటు కూడా. ఎదురుగాలి ఎటు ఉన్నా మిగిలిన సన్నటి సందులోంచే పోవాలి. ఆ సందులోనే అందరి విమానాలూ గుమిగూడతాయి.

ఆకాశం ఎవరిది అన్న ప్రశ్నకు ప్రపంచం చట్టబద్ధంగా జవాబు రాసుకున్నది ఆ షికాగోలోనే. రెండో ప్రపంచ యుద్ధం ఇంకా నడుస్తుండగా 1944లో యాభైకి పైగా దేశాలు అక్కడ సమావేశమై, డిసెంబరు 7న పౌర విమానయాన ఒప్పందం కుదుర్చుకున్నాయి. ప్రతి దేశానికీ తన నేల మీది ఆకాశంపై సంపూర్ణ అధికారం ఉందని దాని మొదటి అధికరణమే చెబుతుంది. ఇక్కడితో ఆగిపోయి ఉంటే వాదనకు తావే లేదు. కానీ అదే సమావేశంలో ఇంకో ఒప్పందం పుట్టింది. దిగకుండా పైనుంచి దాటిపోయే హక్కును, ఇంధనం కోసమో మరమ్మతు కోసమో దిగే హక్కును సభ్యదేశాలు ఒకదాని విమానాలకు మరొకటి ఇవ్వాలన్నది దాని సారాంశం. భారత్, పాకిస్తాన్ రెండూ అందులో భాగస్వాములే. అత్యవసర పరిస్థితిలో, ప్రజల భద్రత కోసం, ఆకాశాన్ని తాత్కాలికంగా మూసే అధికారం ప్రధాన ఒప్పందంలోని తొమ్మిదో అధికరణం ఇస్తుంది. దానికి ఒక షరతు కూడా పెట్టింది: మూస్తే అన్ని దేశాల విమానాలకూ తేడా లేకుండా మూయాలి. ఆ షరతులో చాలా వివేకం ఉంది. ప్రమాదం నిజమైనదైతే అది విమానం తోక మీది జెండాను చూసి రాదు. ఒక్క దేశం విమానాలకే తలుపు వేసి మిగతావాటిని పోనిస్తున్నారంటే అక్కడ భద్రత కారణం కాదని ఆ మూతే ఒప్పుకుంటోంది.

జెండా చూసి తలుపు వేస్తే దూరం ఎంత సాగుతుందో ఫిన్లాండ్ చూపించింది. ప్రచ్ఛన్న యుద్ధ కాలంలో సోవియట్ యూనియన్ సైబీరియా మీదుగా దారి ఇవ్వకపోవడంతో ఐరోపా నుంచి జపాన్ వెళ్లే విమానాలు చాలావరకు అలాస్కాలోని యాంకరేజ్‌లో దిగి ఇంధనం నింపుకుని పోయేవి. గోడలు కూలాక సైబీరియా దారి తెరుచుకుంది. హెల్సింకి నుంచి టోక్యో తొమ్మిది గంటల ప్రయాణం అయింది. ఆ తొమ్మిది గంటల మీద నమ్మకంతోనే ఫిన్‌ఎయిర్ ఐరోపాను ఆసియాతో కలిపే వ్యాపారం కట్టుకుంది. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్‌పై దాడి తర్వాత ఐరోపా దేశాలు రష్యా విమానాలకు ఆకాశం మూశాయి, మర్నాడే రష్యా 36 దేశాల విమానాలకు తన ఆకాశం మూసింది. తొమ్మిది గంటలు పదమూడయ్యాయి. ఫిన్‌ఎయిర్ విమానాలు ఉత్తర ధ్రువం మీదుగానో, దక్షిణంగా మధ్య ఆసియా చుట్టూనో తిరిగి పోతున్నాయి. హెల్సింకి జరగలేదు, టోక్యో జరగలేదు. ఇది తిరగబడ్డ సందర్భమూ ఉంది, అందులో మన విమానమే ముందుంది. ఇజ్రాయెల్‌కు పోయే విమానాలను సౌదీ అరేబియా దశాబ్దాల పాటు తన మీదుగా పోనివ్వలేదు. 2018 మార్చి 22న ఎయిరిండియా విమానం సౌదీ అనుమతితో ఢిల్లీ నుంచి టెల్ అవీవ్‌కు ఎగిరింది. చుట్టుదారికన్నా రెండు గంటలు మిగిలాయి. అదే అనుమతి లేని ఇజ్రాయెల్ సంస్థ ఎల్ అల్ మాత్రం ముంబయి నుంచి ఎర్ర సముద్రం మీదుగా తిరుగుతూనే ఉండాల్సి వచ్చింది. నాలుగేళ్ల తర్వాత, 2022 జులైలో, సౌదీ తన ఆకాశం అన్ని సంస్థలకూ తెరిచింది. ఆనాటికి ఆ రెండు దేశాల మధ్య దౌత్య సంబంధాలే లేవు. స్నేహం కుదిరాకే దారి తెరవాలన్న నియమం ఎక్కడా లేదని చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

ఇక మన దగ్గరికి వద్దాం. 1952లోనే, కాబూల్‌కు పోయే మన విమానాలకు పాకిస్తాన్ దారి ఇవ్వడం లేదని భారత్ అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ మెట్లెక్కింది. తర్వాత రాజీ కుదిరి ఆ దారి తెరుచుకుంది. 1971 జనవరి 30న 'గంగా' అనే ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానాన్ని లాహోర్‌కు దారి మళ్లించి, తర్వాత తగలబెట్టారు. దానికి ప్రతిగా భారత్ తన ఆకాశాన్ని పాకిస్తాన్ విమానాలకు మూసింది. కరాచీ నుంచి ఢాకా వెళ్లే విమానం కొలంబో చుట్టూ తిరిగి పోవాల్సి వచ్చింది. దారి దాదాపు రెట్టింపు. ఆ వివాదం హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం దాకా వెళ్లింది, 1972 ఆగస్టులో తీర్పు వచ్చింది, అప్పటికి యుద్ధం జరిగిపోయి బంగ్లాదేశ్ పుట్టింది కూడా. చివరికి 1976లో రెండు దేశాలూ కూర్చుని మాట్లాడుకుని దారులు తెరిచాయి. అంతటి యుద్ధం తర్వాత కూడా మాట్లాడుకోవడం సాధ్యమైందన్న సంగతి ఇవాళ ఎవరూ గుర్తుచేయడం లేదు. 2019లో బాలాకోట్ దాడుల తర్వాత పాకిస్తాన్ ఫిబ్రవరి చివర మూసిన ఆకాశాన్ని జులై మధ్యలో గానీ తెరవలేదు. జులై 2 నాటికి ఒక్క ఎయిరిండియాకే 491 కోట్ల రూపాయల నష్టం వచ్చిందని పార్లమెంటులో మంత్రి చెప్పారు. ఇండిగో ఢిల్లీ–ఇస్తాంబుల్ విమానం ఇంధనం కోసం దోహాలో దిగాల్సి వచ్చింది. అటువైపు తమకు 850 కోట్ల పాకిస్తానీ రూపాయల దాకా నష్టం వచ్చిందని అక్కడి మంత్రి చెప్పారు. పహల్గామ్‌లో 26 మందిని చంపిన తర్వాత, 2025 ఏప్రిల్ 24న, పాకిస్తాన్ మళ్లీ మూసింది. 30న భారత్ కూడా మూసింది. ఆ మూతలను నెలనెలా నోటమ్ అనే విమానయాన నోటీసు జారీ చేసి పొడిగిస్తూ పోయారు.

ఈ మూత ఎవరిని ఆపింది? భారతీయులను కాదు, భారతీయ సంస్థల విమానాలను. గల్ఫ్ సంస్థకో ఐరోపా సంస్థకో చెందిన విమానం ఎక్కిన హైదరాబాదీ పాకిస్తాన్ మీదుగా పోవడానికి చట్టపరంగా అడ్డేమీ లేదు. మన సంస్థ విమానం ఎక్కినవారికే చుట్టుదారి. ఢిల్లీ నుంచి ఉత్తర అమెరికా వెళ్లే ఎయిరిండియా విమానాలు కొన్ని వియన్నాలోనో కోపెన్‌హాగన్‌లోనో ఇంధనం కోసం దిగాల్సి వచ్చింది. ఇండిగో తన చిన్న విమానాలకు చుట్టుదారి అందదని అల్మాటీ, తాష్కెంట్ సర్వీసులు ఆపేసింది. ఢిల్లీ–వాషింగ్టన్ విమానాన్ని ఎయిరిండియా 2025 సెప్టెంబరు నుంచి నిలిపేసింది. ఆధునికీకరణకు పోయిన విమానాల కొరతతో పాటు ఈ ఆకాశ మూతను కూడా అందుకు కారణంగా చూపింది. ఏడాది పాటు ఇలాగే ఉంటే 60 కోట్ల డాలర్ల దాకా అదనపు భారం పడుతుందని ఆ సంస్థ ప్రభుత్వానికి లెక్క ఇచ్చింది. 2025 ఏప్రిల్ 26న మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ విమానయాన సంస్థలకు ఇచ్చిన సూచనలు చదివితే ప్రయాణికుడి కోణం కనిపిస్తుంది: ఎక్కువసేపు పడుతుందని, మధ్యలో ఆగవచ్చని ముందే చెప్పండి, సరిపడా తిండి, నీళ్లు, మందులు పెట్టుకోండి, ఆగే చోట వైద్య సాయం దొరుకుతుందో లేదో చూసుకోండి. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లే తల్లిదండ్రుల్లో ఎంతమంది షుగర్, బీపీ మాత్రలు చేతిసంచిలో పెట్టుకుని ఎక్కుతారో తెలుగు ఇళ్లలో అందరికీ తెలుసు. ఇన్సులిన్ వేళను, భోజనం వేళను బట్టి లెక్కేసుకున్న ప్రయాణం ఇంకో మూడు నాలుగు గంటలు సాగితే ఆ ఇబ్బంది ఏ నష్టాల పట్టికలోనూ చేరదు.

గంటో రెండు గంటలో ఆలస్యమైతే మునిగిపోయేదేముంది, దేశ గౌరవం ముందు అదెంత, అని అడగవచ్చు. ఆ గంట ధర సరిగ్గా కడదాం. బోయింగ్ 777 లాంటి పెద్ద విమానం గంటకు సుమారు ఏడు టన్నుల ఇంధనం తాగుతుంది. కిలో ఇంధనం కాలితే మూడు కిలోలకు పైగా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, అంటే గంటకు ఇరవై టన్నులు దాటుతుంది. అదనపు గంట కోసం అదనపు ఇంధనం ఎక్కించాలి, ఆ బరువును మోయడానికి ఇంకొంత ఇంధనం కాల్చాలి. విమానం బరువుకు హద్దు ఉంది కాబట్టి ఆ మేరకు సరుకు దించాలి, ఒక్కోసారి సీట్లు ఖాళీగా ఉంచాలి. పైలట్లు వరుసగా ఎన్ని గంటలు పనిచేయవచ్చన్నదానికి నిబంధన ఉంది, ప్రయాణం ఆ గీత దాటితే అదనపు పైలట్లు కావాలి. ఒక్క విమానం మూడు గంటలు ఆలస్యంగా తిరిగొస్తే దాని మర్నాటి సర్వీసు కదలదు. అటు పాకిస్తాన్‌కు ఏం మిగిలింది? 2025లో ఆకాశం మూసిన తొలి రెండు నెలల్లోనే తమ విమానాశ్రయాల సంస్థ 410 కోట్ల పాకిస్తానీ రూపాయలు పోగొట్టుకుందని ఆ దేశ రక్షణ శాఖ తమ పార్లమెంటుకు చెప్పింది. అది పైనుంచి దాటిపోయే విమానాలు చెల్లించే రుసుము. ఇరుగుపొరుగు తగాదా పడి, ఇద్దరూ నడిచే బాటకు ఇద్దరూ ముళ్లకంప కొట్టుకున్నట్టుంది ఇది.

భద్రత గురించిన అభ్యంతరం ఇంతకన్నా గట్టిది, దానికి తలవంచాల్సిందే. 2014 జులై 17న ఆమ్‌స్టర్‌డామ్ నుంచి కౌలాలంపూర్ వెళ్తున్న మలేసియా విమానం తూర్పు ఉక్రెయిన్ మీద క్షిపణి దెబ్బకు కూలి 298 మంది చనిపోయారు. అక్కడ జరిగిన తప్పు ఆకాశం తెరిచి ఉంచడం. 2020 జనవరిలో టెహ్రాన్ దగ్గర ఉక్రెయిన్ విమానాన్ని ఇరాన్ సేనలు కూల్చినప్పుడు 176 మంది పోయారు. ఆ రాత్రి కూడా ఆకాశం మూసి ఉండాల్సింది. 2025 మేలో భారత్, పాకిస్తాన్ మధ్య క్షిపణులు ఎగిరిన రోజుల్లో ఉత్తర, పశ్చిమ భారతంలో 32 విమానాశ్రయాలు మూశారు, అది సరైన పని. ఆ ఏడాది జూన్ 23న ఇరాన్ క్షిపణి దాడి వల్ల కతార్, దాని ఇరుగుపొరుగు దేశాలు కొన్ని గంటలు ఆకాశం మూసినప్పుడు దోహా మీదుగా పోయే మనవాళ్లు ఎందరో చిక్కుకుపోయారు, అయినా ఆ మూతను తప్పుపట్టలేం. నిప్పు ఉన్నచోట అందరికీ మూయాలి, ఆరాక అందరికీ తెరవాలి. అభ్యంతరమల్లా నిప్పు ఆరాక కూడా ఒక జెండాకే మూసి ఉంచడం మీద.

అలాంటి మూత భద్రతను పెంచదు సరికదా, తగ్గిస్తుందని 2025 మే 21 సాయంత్రం రుజువైంది. ఢిల్లీ నుంచి శ్రీనగర్ వెళ్తున్న ఇండిగో విమానం రెండు వందల మందికి పైగా ప్రయాణికులతో పఠాన్‌కోట్ దగ్గర వడగళ్ల తుపాను ఎదుటికి చేరింది. సరిహద్దు వైపు పక్కకు తప్పుకుంటామని పైలట్లు మన వైమానిక దళ నియంత్రణ కేంద్రాన్ని అడిగారు, కుదరదన్నారు. లాహోర్ కేంద్రాన్ని అడిగారు, అక్కడా కుదరదన్నారు. వెనక్కి తిరుగుదామనుకునేలోగా మేఘం దగ్గరికొచ్చేసింది. విమానం తుపానులోకే దూరింది, ఒక దశలో నిమిషానికి 8,500 అడుగుల వేగంతో కిందికి జారింది. ముక్కు పగిలిన విమానాన్ని పైలట్లు శ్రీనగర్‌లో క్షేమంగా దించారు. ఇదంతా డీజీసీఏ ప్రకటనలో ఉంది. ఆ నిమిషంలో దారి ఇవ్వకూడదని ఏ దేశభక్తీ చెప్పదు. సూటి దారులన్నీ మేలైనవని కూడా దీని అర్థం కాదు. 2023 జూన్‌లో ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానం ఇంజిన్ లోపంతో రష్యా తూర్పు కొసన మగదాన్‌లో దిగితే, రెండు వందల మందికి పైగా ప్రయాణికులు ఇంకో విమానం వచ్చేదాకా బడి గదుల్లో, వసతి గృహాల్లో గడిపారు. దగ్గర దారిలో దిగడానికి చోటు లేకపోతే దూరపు దారే మంచిది. కానీ ఆ బేరీజు వేయాల్సింది పైలట్లు, ఇంజినీర్లు, భద్రతా నియంత్రకులు.

మిగిలింది మనసుకు సంబంధించిన అభ్యంతరం. పహల్గామ్‌లో మనుషులను మతం అడిగి మరీ చంపిన తర్వాత ఏమీ జరగనట్టు దారులు తెరుచుకోమంటారా? ఆ కోపం న్యాయమైనదే, దాన్ని చిన్నచూపు చూసే హక్కు ఎవరికీ లేదు. అయితే రెండు దేశాలూ ఎంత పగలోనైనా తెంచుకోని పోగులు కొన్ని ఉన్నాయి. అణు కేంద్రాల జాబితాలను 1992 నుంచి ప్రతి జనవరి 1న ఇచ్చిపుచ్చుకుంటున్నాయి. ఖైదీల, పట్టుబడ్డ జాలర్ల జాబితాలను ఏడాదికి రెండుసార్లు మార్చుకుంటున్నాయి. మే నెలలో భారత్ చేసిన ఆపరేషన్ సిందూర్ దాడులు జరిగి రెండు నెలలు కాకముందే, 2025 జులై 1న కూడా ఆ జాబితాలు చేతులు మారాయి. యుద్ధ విమానాలు సరిహద్దుకు 10 కిలోమీటర్ల లోపుకు రాకూడదని 1991లో ఒప్పందం రాసుకున్నాయి. యుద్ధ విమానాల నడతకు కాగితం ఉంది, అమ్మానాన్నలను పిల్లల దగ్గరికి తీసుకుపోయే విమానాన్ని పగ రోజుల్లోనూ ఆపబోమని ఇద్దరూ రాసుకున్న కాగితం లేదు. దెబ్బకు దెబ్బ అన్న లెక్కలో చూసినా ఇది మనకు గిట్టదు. మన పశ్చిమాన, ఉత్తరాన ఉన్న లోకంలో చాలా చోట్లకు ఉత్తర భారతం నుంచి దగ్గర దారి పాకిస్తాన్ మీదుగానే ఉంది. వాళ్ల విమానాలకు మన ఆకాశం అవసరమయ్యేది కౌలాలంపూర్ లాంటి కొద్ది దారుల్లోనే. రెండు తలుపులూ మూసుకుంటే మన విమానాలు పదులకొద్దీ చుట్టు తిరుగుతాయి, వాళ్లవి కొన్నే.

కాబట్టి అడగాల్సింది పెద్ద శాంతి ఒప్పందం కాదు. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ద్వారా ఇరువైపులా ఒకే తేదీన నోటమ్‌లు ముగిసేలా, తర్వాత పొడిగించకుండా ఉండేలా భారత్ ప్రతిపాదించాలి. పోరాటం జరుగుతున్న రోజుల్లో తప్ప షెడ్యూలు ప్రయాణికుల విమానాలను ఆపబోమని, ఆపితే అందరినీ ఆపుతామని, తుపానులో చిక్కిన విమానం దారి అడిగితే ఏ రోజైనా ఇస్తామని రెండు మూడు పేజీల కాగితం రాసుకోవాలి. పాకిస్తాన్ ఒప్పుకోకపోతే 1952లో ఎక్కిన మెట్లే మళ్లీ ఎక్కవచ్చు, మూతను ఎవరు కోరుకుంటున్నారో లోకానికి రికార్డు మీద తెలుస్తుంది. ఈలోగా విమానయాన శాఖ తన చేతిలో ఉన్న పని ఒకటి వెంటనే చేయవచ్చు. ఢిల్లీ నుంచి షికాగోకు, టొరంటోకు, లండన్‌కు టికెట్ అమ్మే ప్రతి సంస్థా ఆ ప్రయాణానికి గత నెలలో వాస్తవంగా పట్టిన సగటు సమయాన్ని, మధ్యలో ఇంధనం కోసం ఎన్నిసార్లు దిగిందో ఆ వివరాన్ని ధర పక్కనే చూపాలని డీజీసీఏ ఆదేశించాలి.